38 గంటల స్పీడు: నా నాలుగు ముక్కలు

మన సాఫ్టువేరు జనానికి బాగా నచ్చే కథ ఒకటుంది. తెలివైన ఇంజనీరు ఒకాయన అద్భుతమైనదేదో కడతాడు, పైనున్న ముసలి మేనేజర్లు అది అర్థంకాక మూలన పడేస్తారు. వాంపనోగ్ అనే అమెరికన్ యుద్ధనౌక గురించి ఎవరు రాసినా దాదాపు ఇలాగే రాస్తారు. కథలో అబద్ధమేమీ లేదు. దాన్నుంచి మనవాళ్ళు తీసే నీతి దగ్గరే నాకు పేచీ.

ముందు కథ. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్ళకి అలబామా అని ఒక ఓడ ఉండేది. 1862 నుంచి 1864 దాకా సముద్రాలన్నీ తిరుగుతూ ఉత్తరాది వాళ్ళ ఓడల్ని 65 దాకా పట్టుకుంది, చాలావాటిని తగలబెట్టింది. మన మలబారు తీరం దాకా కూడా వచ్చింది. 1864 జనవరిలో అక్కడ ఎమ్మా జేన్ అనే ఓడని కాల్చేసి, అందులోని వాళ్ళని కేరళలోని అంజెంగోలో దింపింది. ఇలాంటిదే మనకీ కావాలి, బ్రిటన్ యుద్ధంలోకి దిగితే వాళ్ళ వర్తకం మీద పడాలి అనుకుని, ఉత్తరాది ప్రభుత్వం 1863లో మొదలెట్టిన నౌకల్లో వాంపనోగ్ ఒకటి. ఇంజను డిజైను బెంజమిన్ ఇషర్‌వుడ్‌ది. అది పూర్తయ్యేసరికి యుద్ధమే అయిపోయింది. మన ప్రాజెక్టుల్లో చూడని విషయమేం కాదు లెండి.

1868 ఫిబ్రవరిలో ట్రయల్స్. 38 గంటలపాటు, బాగోలేని సముద్రంలో, సగటున 16 నాట్లు దాటి నడిచింది. ఒక దశలో 17.75 నాట్లు అందుకుంది. (వరి నాట్లు కాదు బాబూ, ఓడల స్పీడు కొలిచేవి. ఒక నాటు అంటే గంటకి 1.85 కిలోమీటర్లు.) అంటే గంటకి 33 కిలోమీటర్లు కూడా లేదు, మన ఆర్డినరీ బస్సు నవ్వుకుంటుంది. కానీ ఆ రోజుల్లో అంత స్పీడున్న యుద్ధనౌక ప్రపంచంలో ఇంకోటి లేదు. అమెరికా నేవీలో మళ్ళీ అంత స్పీడు చూడ్డానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇషర్‌వుడ్ చేసిందేంటంటే, ఇంజనుని నెమ్మదిగా తిప్పి, మధ్యలో పళ్ళ చక్రాలు పెట్టి ప్రొపెల్లరుని రెండింతల వేగంతో తిప్పాడు. ఆ పళ్ళు చెక్కవి! లిగ్నం వైటీ అని రాయిలాంటి గట్టి కర్ర. ఎందుకీ తిప్పలంటే, ఆ కాలంలో ఇంజనుని నేరుగా వేగంగా తిప్పితే టన్నుల బరువున్న పిస్టన్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుని ఓడంతా వణికేది, బేరింగులు కాలిపోయేవి. అరుగుదల గురించి ఆలోచించి చేసిన డిజైను అది. దీంతోపాటే మడవాస్కా అని దాదాపు ఇదే ఒడ్డూపొడుగుతో ఇంకో ఓడ కట్టి, ఎరిక్సన్ ఇంజను పెట్టారు. ఏ/బీ టెస్టు అన్నమాట. అది వాంపనోగ్ దరిదాపుల్లోకి కూడా రాలేదు.

1869లో అడ్మిరల్ గోల్డ్స్‌బరో అధ్యక్షతన బోర్డు కూర్చుని, ఈ ఓడ పనికిరాదని తేల్చింది. ఆవిరి ఓడ మంచి నావికుల్ని తయారు చెయ్యదన్నారు. తెరచాపలతో వెళ్ళేటప్పుడు నాలుగు రెక్కల ప్రొపెల్లరు అడ్డమన్నారు. ఆ ఏడాదే ఇషర్‌వుడ్ పదవి కూడా పోయింది. బొగ్గు కాల్చిన కెప్టెన్ ఎందుకు కాల్చాడో లాగ్‌బుక్కులో ఎర్ర సిరాతో రాయాలనీ, లేకపోతే ఖర్చు అతని జీతంలోంచి పోవచ్చనీ ఆర్డరేశారు. క్లౌడ్ బిల్లు చూసి టీముల మీద ఎగిరే ఫైనాన్సు వాళ్ళు గుర్తొస్తే నా తప్పు కాదు. వాంపనోగ్ పేరు ఫ్లోరిడాగా మారి, ఊరికే పడుండి, 1885లో అమ్ముడుపోయింది.

బోర్డు చెప్పిన కారణాలు చాలావరకు చెత్తే, నేనేం వెనకేసుకు రావట్లేదు. కానీ ఓడ లోపల చూడండి. సగానికి పైగా ఇంజన్లు, బాయిలర్లు, బొగ్గే. అంత పొడుగు, సన్నని ఒళ్ళంతా చెక్క. లోపల అంత బరువు యంత్రం నెలల తరబడి తన్నుతుంటే ఆ చెక్క ఎన్నాళ్ళు బిగువుగా ఉంటుంది? 38 గంటల ట్రయల్ దానికి జవాబు చెప్పదు. బోర్డూ ఆ ప్రశ్న గట్టిగా అడగలేదు, పొగిడినవాళ్ళూ అడగలేదు. బ్రిటిష్ వాళ్ళు దీనికి పోటీగా కట్టిన ఇన్‌కాన్‌స్టంట్‌కి ఒళ్ళు ఇనుముతో చేశారు. దాని స్పీడు 16 నాట్ల పైచిలుకే, వాంపనోగ్ కన్నా తక్కువ. ఆ ఇనుప ఒళ్ళు మాత్రం, చివరికి హల్కుగా మారినా, 1955 దాకా నీళ్ళ మీద ఉంది.

అసలు అరుగుదల అంటే ఏంటో అలబామానే చూపించింది. 22 నెలలు రేవులో సరైన రిపేరు లేకుండా తిరిగాక, అడుగున రాగిరేకులు ఊడుతున్నాయి, బాయిలర్లు ఉప్పుకి తినేసి ఉన్నాయి, తుపాకీమందు చెడింది. రిపేరు కోసమే షెర్బూర్ రేవుకొచ్చింది. 1864 జూన్ 19న బయట కాచుకున్న కియర్‌సార్జ్ గంట సేపట్లో ముంచేసింది. కొత్తగా కట్టినప్పుడు అలబామా స్పీడెంత అన్నది ఆ రోజు ఎవరికీ అక్కరకి రాలేదు. ఉప్పునీరు బాయిలర్లోకి కొంచెం కొంచెంగా చేరడం మన మెమరీ లీకు లాంటిదే. అరగంట లోడు టెస్టులో గ్రాఫు నున్నగా ఉంటుంది, మూడోవారం రాత్రి రెండింటికి ఫోనొస్తుంది.

ఇంకో సంగతి, స్పీడు ఎందుకు అన్నది. ఇన్‌కాన్‌స్టంట్ తర్వాత అదే బాణీలో షా అని ఇంకోటి కట్టారు. 1877 మే 29న పెరూ తీరంలో అది హువాస్కర్ అనే ఇనుప కవచం ఓడతో తలపడింది. షా చాలా స్పీడు, హువాస్కర్ నత్త. షా గుండ్లు, దాంతో వచ్చిన అమెథిస్టు గుండ్లు కలిపి యాభైకి పైగా తగిలాయి, కవచానికి పెద్దగా ఏం కాలేదు. షా టార్పీడో కూడా వదిలింది, అదీ తగల్లేదు. పారిపోవడానికీ తరమడానికీ పనికొచ్చే స్పీడు, నిలబడి కొట్టుకోవాల్సొస్తే ఎందుకూ కొరగాలేదు. షా డిజైను తప్పని నేననను, దాన్ని పంపిన పని వేరు.

అన్నిటికన్నా నాకు నచ్చింది కొలంబియా కథ. సముద్రంలో ప్రయాణికుల లైనర్లని తరిమి పట్టడానికే అమెరికా దీన్ని కట్టింది. 1893 ట్రయల్స్‌లో 22.8 నాట్లు. మూడు ప్రొపెల్లర్లు, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు కొన్ని ఆపేసుకోవచ్చు, మంచి ఐడియానే. 1895లో సౌతాంప్టన్ నుంచి న్యూయార్కుకి ఉన్న శక్తంతా పెట్టి రమ్మన్నారు. దాదాపు ఏడు రోజులు, సగటు 18.4 నాట్లు. ఆ రోజుల్లోనే కంపానియా అనే ప్రయాణికుల లైనరు అదే సముద్రాన్ని సగటున 21 నాట్ల పైనే దాటేస్తోంది, అదీ లోపల జనం భోజనాలు చేస్తుండగా! లైనరు ఇంజను వారం రోజులు ఏకబిగిన ఫుల్లుగా నడవడానికే బరువుగా, దిట్టంగా కట్టింది. ట్రయల్లో ఏరిన బొగ్గు, చెయ్యితిరిగిన స్టోకర్లు ఉంటారు, ఏడు రోజుల ప్రయాణంలో అలసిపోయిన మామూలు మనుషులే బొగ్గు ఎత్తిపోయాలి.

ఈ మధ్య ఒక క్లయింటు పంపిన టెండరు కాగితాల్లో పనితీరు కింద ఒకే ఒక్క గడి ఉంది: సెకనుకి గరిష్ఠంగా ఎన్ని ట్రాన్సాక్షన్లు. ఎంతసేపు అన్న గడి లేదు. అడిగితే, ఫార్మాట్ మారదు, అందరికీ ఇదే అన్నారు. ఆ గడిలో పెద్ద అంకె రాసినవాళ్ళకే ప్రాజెక్టు పోతుందని మనందరికీ తెలుసు, రాస్తూనే ఉంటాం. మీ దగ్గర ఎవరైనా పక్కన ఇంకో గడి కొట్టించి పంపి, క్లయింటుతో ఒప్పించగలిగితే, ఎలా చేశారో నాకు చెప్పండి.