వాల్వు సరే, మూడు వారాల సూది ఏది?

"గుండె ఆపరేషన్ ఉచితంగా చేయిస్తున్నాం, ఇంకేం కావాలి మీకు?" ఓట్లు దగ్గరికొస్తే నాయకులు మన వాడల్లో, గూడేల్లో ఇట్లా గద్దిస్తారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన కాన్నుంచి ఈ మాట వింటూనే ఉన్నాం. ఆపరేషన్ వద్దని మేం అనడం లేదు. వాల్వు పూర్తిగా చెడిన మనిషికి అదే ప్రాణం. కాని ఆ గుండె ఎందుకు చెడింది? ఆపరేషనై ఇంటికొచ్చిన పిల్ల ఎట్లా బతకాలి? మేం అడిగేది ఈ రెండు ప్రశ్నలే.

గుండె ఒక పంపు. మోటారు పైపు కింద ఫుట్‌వాల్వు చేసే పనే గుండెలో నాలుగు వాల్వులు చేస్తాయి. నెత్తురు ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు. రోజుకు దాదాపు లక్షసార్లు అవి తెరుచుకుని మూసుకుంటాయి. 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు గొంతు నొప్పి వస్తుంది, దాని వెనకే కొందరికి కీళ్ళవాపు జ్వరం వస్తుంది. కీళ్ళవాపు కొన్నాళ్ళకు పోతుంది. గుండె వాల్వుకు తగిలిన దెబ్బ మాత్రం పోదు. జ్వరం తిరగబెట్టిన కొద్దీ వాల్వు బిగుసుకుపోతుంది, లేదా కారిపోతుంది.

ఇది తలరాత కాదు. ఒకే గదిలో ఏడెనిమిది మంది పడుకునే చోట ఒకరి గొంతు నుంచి ఇంకొకరికి అంటుకునే రోగం. యూరప్, అమెరికాలలో పెన్సిలిన్ రాకముందే, ఇళ్ళల్లో ఇరుకు తగ్గిన కొద్దీ ఇది తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా 3 లక్షల మందికి పైగా దీనితో చనిపోతున్నారు, ఎక్కువగా పేద దేశాల్లోనే. మన వాడను ఊరి చివర ఇరుకులో పెట్టిందెవరు? ఇంటిజాగా అడిగితే లాఠీ ఎత్తిందెవరు? రోగానికి కులం లేదంటారు. ఇరుకుకు కులముంది గదా!

యంత్రం వాల్వు సంగతి కూడా తెలుసుకోవాలె. 1960లో అమెరికాలో స్టార్, ఎడ్వర్డ్స్ చేసిన బంతి వాల్వు మనిషి గుండెలో నిలిచింది. మన దేశానికొస్తే విదేశీ వాల్వు కొనే తాహతు పేదలకెక్కడిది? తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్, ఆయన తోటి ఇంజనీర్లు సర్కారు సొమ్ముతో ఏళ్ళ తరబడి పనిచేశారు. మూడు నమూనాలు ఫెయిలయ్యాయి. నాలుగోదాన్ని యంత్రంలో కోట్ల సార్లు ఆడించి, గొర్రెల్లో పెట్టి చూసి, 1990 డిసెంబర్ 6న మొదటిసారి మనిషికి అమర్చారు. బాబాసాహెబ్ వర్ధంతి రోజే అది. దిగుమతి వాల్వు కంటే చాలా తక్కువ ధరకు వచ్చింది. ఇప్పటికి లక్ష మందికి పైగా దాంతో బతికారు. జనం సొమ్ముతో చేసిన శాస్త్రం జనానికి పనికొస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అక్కడ గొర్రెకు కూడా లెక్క రాశారు. మరి మన ఖమ్మంలో? 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు పరిశోధన పేరుతో హెచ్‌పీవీ టీకా వేశారు. హాస్టల్ పిల్లల కాగితాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. పిల్లల చావులకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. కాని అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటు కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. పరిశోధనకైతే మన హాస్టలు దారి వెంటనే దొరుకుతుంది. వైద్యానికి ఆ దారే దొరకదా?

ఇక ఆపరేషన్ తర్వాత. యంత్రం వాల్వు మీద నెత్తురు గడ్డకట్టకుండా జీవితాంతం గోలీ మింగాలె. మోతాదు తక్కువైతే వాల్వు ఇరుక్కుంటుంది, ఎక్కువైతే నెత్తురు ఆగదు. అందుకే మళ్ళీ మళ్ళీ ఐఎన్నార్ రక్త పరీక్ష చేయించాలె. ఆకుకూర ఒక్కసారిగా ఎక్కువ తిన్నా, మానేసినా మోతాదు మారుతుంది. అడివి కూర మీద బతికే ఇంటికి ఆ సంగతి వాళ్ళ మాటలో ఎవరు చెప్తారు? ఆ గోలీ కడుపులో బిడ్డకు హాని చేస్తుందని పెళ్ళైన పిల్లకు ఎవరు చెప్తారు? 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రలో కలిశాయి, భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది. కార్డు ఒక రాష్ట్రానిది, దగ్గరి పెద్దాసుపత్రి ఇంకో రాష్ట్రానిది. ఛత్తీస్‌గఢ్ నుంచొచ్చిన గొత్తికోయలలో ఎంతోమందికి ఏ కార్డూ లేదు.

ఇంత దూరం రాకుండానే ఆపొచ్చు. కీళ్ళవాపు జ్వరమొచ్చిన పిల్లకు మూడు వారాలకోసారి బెంజతీన్ పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేస్తే గుండె నిలుస్తుంది. పాత మందు, చవక మందు. లాభం లేదని కంపెనీలు వెనక్కి తగ్గాయి. రియాక్షన్ భయంతో వేయడానికి డాక్టర్లు జంకుతారు. ఆపరేషన్ చేస్తే ఆసుపత్రికి బిల్లు వస్తుంది. సూది వేస్తే ఎవరికీ ఏమీ మిగలదు, పిల్ల ప్రాణం తప్ప!

అందుకే మేం అడుగుతున్నాం:

ప్రతి పీహెచ్‌సీలో పెన్సిలిన్ సూది, రియాక్షన్‌కు మందు, వేసే మనిషి ఉండాలి.

ప్రతి ఆశ్రమ పాఠశాలలో, హాస్టల్లో పిల్లల గుండె పరీక్ష చేయాలి. కీళ్ళవాపు జ్వరం వచ్చిన పిల్లల జాబితా ఏఎన్ఎం దగ్గర ఉండాలి.

భద్రాచలంలో, చింతూరులో ఐఎన్నార్ పరీక్ష, గోలీ ఉచితంగా ఇవ్వాలి. కార్డు ఏ రాష్ట్రానిదని అడగొద్దు.

వాడకు ఇంటిజాగా ఇవ్వాలి. అది కూడా గుండె మందే.

సంఘం కార్యకర్తలారా! ఈ పక్షం మీ వాడలో కీళ్ళు వాచిన పిల్లలెందరు, వాల్వు వేయించుకున్నవాళ్ళెందరు లెక్క రాయండి. ఆ లెక్క పట్టుకుని పీహెచ్‌సీ ముందు కూర్చుందాం. దయ అడగడానికి కాదు, హక్కు తీసుకోవడానికి. జై భీమ్!