కనీసం ఐదు స్వరాలు కావాలి

పోయిన బతుకమ్మకి లక్సెట్టిపేట పోయినప్పుడు అమ్మ పాడిన ఒక ఉయ్యాల పాటని ఫోన్లో రికార్డు చేశాను. రాత్రి కూర్చుని, అందులో వినిపించిన స్వరాలని ఏరి, నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాంకి ఇచ్చాను. దానికి బొమ్మలుండవు, బటన్లుండవు. నల్లటి టెర్మినల్ తెర మీద ఒక లైను టైపు చేసి ఎంటర్ కొడితే జవాబుగా ఇంకో లైను వస్తుంది. వచ్చింది: "రాగం దొరకలేదు. కనీసం ఐదు స్వరాలు కావాలి."

అమ్మ నా వెనకే నిలబడి చూస్తోంది. చదివింది. "ఏందిరా, మా పాట పాస్ కాలేదా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ వాక్యం రాసింది నేనే.

హైదరాబాద్ వచ్చాక ఈ సంగతి ఇద్దరు ముగ్గురు కవి మిత్రులకి చెప్పాను. "చూశావా మరి, పాటని లెక్కలకి అప్పజెబితే ఇంతే. సంగీతం గుండెకి సంబంధించింది, కంప్యూటర్‌కేం తెలుసు?" అన్నారు. నన్ను ఓదారుస్తున్నామనుకున్నారు. నిజానికి నా మొదటి పేచీ వాళ్ళతోనే. రెండో పేచీ నాలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళతో. ఈ ఇద్దరూ ఒకరికొకరు శత్రువులమనుకుంటారు గానీ, మా అమ్మ పాట దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ చేసే పని ఒకటే. దాన్ని వినకుండా వదిలేస్తారు.

ముందు కవుల సంగతి.

లెక్క పాటకి పరాయిదని అనేవాళ్ళు మన సంప్రదాయం పేరు చెప్పి ఆ మాటంటారు. ఆ సంప్రదాయంలో ఏముందో చూద్దాం. పదిహేడో శతాబ్దంలో, తెలుగు కావ్యాలూ యక్షగానాలూ పొంగిన తంజావూరు నాయకుల కాలంలో, వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక' రాశాడు. 72 మేళాల పట్టిక అక్కడిది. ఆ పట్టిక వెనక ఉన్నది శుద్ధమైన గణితం. స, ప కదలవు. రి-గ జంటలు ఆరు, ద-ని జంటలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరార్లు ముప్పై ఆరు, రెండింతలు డెబ్బై రెండు. అంతే.

తర్వాత వచ్చినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. మేళం పేరులోనే దాని నంబరు దాచారు. కటపయాది పద్ధతిలో ఒక్కో హల్లుకి ఒక్కో అంకె. కల్యాణిని మేళకర్తల జాబితాలో 'మేచకల్యాణి' అన్నారు. మ అంటే 5, చ అంటే 6. తిరగేస్తే 65. శంకరాభరణం ముందు 'ధీర' చేరింది. ధ 9, ర 2, తిరగేస్తే 29. ఆ 'మేచ', ఆ 'ధీర' రసం కోసం వచ్చినవి కావు, లెక్క కోసం వచ్చినవి. 65 తెలిస్తే చాలు, మిగతాది వేళ్ళ మీద తేలిపోతుంది. 36 దాటింది కాబట్టి ప్రతి మధ్యమం. 36 తీసేస్తే 29 మిగిలింది. ఆరేసి చొప్పున గుంపులు కడితే ఐదో గుంపులో ఐదోది. కాబట్టి ఐదో రి-గ జంట, ఐదో ద-ని జంట. కల్యాణి తయారు. నా ప్రోగ్రాంలో నలభై లైన్లు చేసే పని ఇదే. గుడిలో కూర్చుని పాడే విద్వాంసుడి నోటిలో నాకన్నా ముందు నుంచీ ఉంది ఈ ప్రోగ్రాం.

సరే, లెక్క పాటని ఎండబెడుతుందా? ఇంకో సాక్ష్యం. వేంకటమఖి పట్టిక వేసేనాటికి ఆ 72లో వాడుకలో ఉన్నవి 19 మాత్రమే. మిగతావి ఖాళీ గదులు. ఇల్లు ముందు కట్టాడు, మనుషులు తర్వాత వచ్చారు. ఆ గదుల్లోకి పాటలొచ్చాయి. మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ చిన్న వయసులోనే 72 మేళాల్లోనూ కృతులు కట్టాడు. లెక్క తలుపు తెరిచింది, పాట లోపలికి నడిచింది. "లెక్కలకేం తెలుసు" అనే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకా అసలు విషయం ఏంటంటే, ఈ "గుండె" వాదన పల్లె పాటకి చాలా చెడ్డ చేస్తుంది. శాస్త్రీయ సంగీతానికి శాస్త్రం ఇచ్చి, మా అమ్మకి గుండె ఇస్తారు. ఆవిడ పాట సహజం, స్వచ్ఛం, మట్టి వాసన అంటారు. కానీ ఆవిడ ఏ స్వరం మీద నిలబడుతుందో, ఎక్కడికెళ్ళి ఎట్లా తిరిగొస్తుందో అడగరు. పొగడ్త అంతా అయ్యాక ఆ పాట గురించి ఒక్క ముక్క కొత్తగా తెలిసి ఉండదు. కొలవడానికి కూడా పనికిరాదని తేల్చిన దాన్ని గౌరవించామని ఎట్లా అంటాం?

ఇప్పుడు మా వాళ్ళ సంగతి, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్ళ సంగతి.

మాకొక ధీమా ఉంటుంది. ప్రోగ్రాంకి కులం లేదు, ఊరు లేదు, ఇచ్చింది తీసుకుని లెక్క చెప్తుంది అని. అబద్ధం. ప్రతి ప్రోగ్రాంలోనూ లెక్క మొదలయ్యే ముందే ఎవరో కొన్ని నిర్ణయాలు తీసుకుని ఉంటారు. నా దాంట్లో అలాంటివి రెండు దొరికాయి.

మొదటిది ఆ ఐదు స్వరాల షరతు. రాగమంటే కనీసం ఐదు స్వరాలుండాలన్నది శాస్త్రంలో పాత మాట. పుస్తకంలో చదివాను, ఒక లైను రాసేశాను. తర్వాత ఎవరో మిత్రుడు "మరి మహతి?" అనడిగాడు. బాలమురళి కట్టిన మహతికి నాలుగే స్వరాలు. మూడు స్వరాల రాగాలు కూడా ఆయన కట్టాడు. ఆ రాగాలు తన సృష్టి అన్న మాట మీద వీణ ఎస్. బాలచందర్ లాంటివాళ్ళు గట్టిగానే ఎదురుతిరిగారు, పెద్ద వివాదమే నడిచింది. నాకు మాత్రం ఏ ఇబ్బందీ అనిపించలేదు. మహతి కోసం ఒక మినహాయింపు రాసుకున్నాను. సరిగ్గా రెండు నిమిషాల పని.

ఆలోచించండి. ఒక మహా విద్వాంసుడు నాలుగు స్వరాల్లో పాడితే నేను ప్రోగ్రాంని సరిచేశాను. మా అమ్మ నాలుగు స్వరాల్లో పాడితే ప్రోగ్రాం మా అమ్మని సరిచేసింది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ చప్పట్లకి పాడే ఎన్నో పాటలు నాలుగైదు స్వరాల లోపలే తిరుగుతాయని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాణ్ణి నేను. అయినా ఆ మినహాయింపు వాటి కోసం రాయాలని తట్టలేదు. ఇది కంప్యూటర్ తప్పని ఎట్లా అనగలను?

రెండోది ఇంకా లోపల దాక్కుంది. ప్రోగ్రాం ఏ శబ్దాన్నిచ్చినా ముందు దాన్ని దగ్గరి స్వరస్థానానికి సర్దేస్తుంది. స్థాయిని 1200 సెంట్లుగా విడగొట్టి, నూరేసి చొప్పున పన్నెండు మెట్లు కడుతుంది. 340 సెంట్ల దగ్గర పలికిన గాంధారం 300కి జారి సాధారణ గాంధారం అవుతుంది. 360 దగ్గర పలికితే 400కి ఎక్కి అంతర గాంధారం అయిపోతుంది. పాడినావిడ గొంతులో ఆ రెండూ ఒకే స్వరం అయ్యుండొచ్చు. మధ్యలో ఉన్నది ఇరవై సెంట్లే. ప్రోగ్రాం దాన్ని నూరు చేసి చూపిస్తుంది. అంతెందుకు, తంబురలో దానంతటదే వినిపించే అంతర గాంధారం దాదాపు 386 దగ్గర ఉంటుంది. పన్నెండు సమాన మెట్లలో దానికీ సరైన చోటు లేదు.

తమాషా ఏమిటంటే, ఈ సెంటు అనే కొలత పుట్టింది ఇలా సర్దేయడానికి కాదు. 1885లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు పండితుడు రకరకాల దేశాల స్వరాల్ని కొలవడానికి దాన్ని వాడాడు. కొలిచి చూసి, లోకానికంతటికీ సహజమైన స్వరపట్టిక ఒకటంటూ లేదని, ఎవరి పట్టిక వాళ్ళదేనని తేల్చాడు. ఇతరుల మెట్లు మన మెట్లలాంటివి కావని చూపించడానికి తెచ్చిన కొలబద్దతో, ఇవాళ మనం అందరినీ ఒకే మెట్ల మీద నిలబెడుతున్నాం.

లక్సెట్టిపేట నుంచి జన్నారం మీదుగా ఉట్నూరు వైపు పోతే ఈ సర్దుబాటుకి లొంగని సంగీతం ఎంతుందో తెలుస్తుంది. దీపావళికి గోండు గూడేల్లో దండారి ఆడతారు. ఆ గుస్సాడీ ఆటకే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆట వెంట పలికే పెప్రె ఉంది. గోండుల వంశగాథలు పాడే ప్రధాన్‌లు కమానుతో వాయించే కిక్రి ఉంది. దక్షిణ తెలంగాణకి పోతే దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. ఆ పన్నెండూ కంప్యూటర్లో ఉన్న పన్నెండూ ఒకటేనని ముందే అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. కొలిచి చూడాలి. కొలవడానికి పోయిన ప్రోగ్రామే వాటిని ముందుగా సర్దేస్తే ఇంకేం మిగులుతుంది? ఆట ఆడిన మనిషికి అవార్డు ఇచ్చాం. ఆ ఆట వెంట వచ్చిన స్వరానికి పట్టికలో ఒక గడి ఇవ్వలేదు.

"అందుకే అంటున్నాం, కంప్యూటర్ వద్దు" అని కవి మిత్రులు మళ్ళీ లేవొచ్చు. బహిష్కరణ కూడా మన దగ్గర జరిగిపోయింది. హార్మోనియం మెట్లు కదలవు, గమకం పలకవు అని ఆలిండియా రేడియో 1940లో దాన్ని వెళ్ళగొట్టింది. 1971 దాకా లోపలికి రానివ్వలేదు. రేడియోలో అది మోగలేదు గానీ ఊళ్ళలో ఆగలేదు. మా గూడెం గుట్ట సత్యనారాయణస్వామి దగ్గర భజన విన్నవాడెవడైనా హార్మోనియం పరాయిదంటే నమ్ముతాడా? దాని మెట్ల మీదే కూర్చుని, గొంతుతో ఆ మెట్ల మధ్యలోకి పోయొచ్చారు భజన చేసేవాళ్ళు. వాద్యం హద్దు వాళ్ళకి తెలుసు. నా ప్రోగ్రాం మాత్రం తన హద్దు చెప్పుకోదు. రౌండ్ చేశానని చెప్పకుండా జవాబిస్తుంది. నా అభ్యంతరం ఆ మౌనం మీద.

మన లెక్కల పెద్దలు అలా మౌనంగా ఉండలేదు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో అచ్చు వేయించినప్పుడు మేళాల లెక్కతో సరిపెట్టలేదు. స్వరాక్షరాల మీద గమకాలకి విడిగా గుర్తులు పెట్టారు. అంకె ఎక్కడ చాలదో అక్కడ ఇంకో గుర్తు కనిపెట్టారు. లెక్కకట్టడమంటే అదీ. చాలని చోట పాటని కోసెయ్యకుండా పట్టికని పెంచడం.

కాబట్టి నేను చేసింది చెప్తాను, నాలాంటివాళ్ళు చెయ్యాలని కూడా అడుగుతున్నాను. ఆ ఐదు స్వరాల షరతు పీకేశాను. మహతి కోసం రాసిన మినహాయింపు కూడా తీసేశాను, ఇక దానితో పనిలేదు. శబ్దాన్ని సర్దడం ఆపేశాను. ఎన్ని సెంట్లయితే అన్ని సెంట్లే చూపిస్తుంది. సర్దమని ఎవరైనా అడిగితే సర్దుతుంది, కానీ ఎంత సర్దిందో పక్కనే చెప్తుంది. ఇదేం కొత్త విద్య కాదు. నెదర్లాండ్స్‌కి చెందిన మాన్యుయల్ ఓప్ డి కౌల్ రాసిన స్కేలా అనే ప్రోగ్రాం ఎన్నో ఏళ్ళుగా వేల స్వరపట్టికల్ని మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో దాస్తోంది. మొదట వివరణ, తర్వాత స్వరాలెన్నో, ఆ కింద ఒక్కో లైన్లో ఒక్కో స్వరం. ఐదుండాలన్న షరతు అక్కడ లేదు. ఒక పెప్రెని, ఒక కిన్నెరని, ఒక ఉయ్యాల పాటని అలా రాయడానికి పది లైన్లు చాలు. ఆ పది లైన్లు రాయని మనం, మట్టి వాసన మీద పది పేజీల వ్యాసాలు రాస్తున్నాం.

దీపావళికి మళ్ళీ ఊరికి పోయినప్పుడు అమ్మ పాటకి ఫైలు తయారుచేశాను. నాలుగు స్వరాలు, నాలుగు అంకెలు, ఊరు లక్సెట్టిపేట. రాగం పేరు దగ్గర ఖాళీ ఉంచి, ఏం పెట్టమంటావని అడిగాను.

"పేరెందుకు లేదురా? ఉయ్యాల పాట అంటరు గద," అంది.

అదే టైపు చేసి ఎంటర్ కొట్టాను. ఎర్రర్ రాలేదు.