గోల్ఫు కర్రలకి ఇన్సూరెన్సు సరే, మరి ఎదుటివాడి కంటికి?

మా టీములో ఒక కుర్రాడు ఈ మధ్యనే ఇంగ్లండు ఆన్‌సైటుకి వెళ్ళాడు. వెళ్ళిన మూడో వారానికే ఫోను. "అన్నా, ఇక్కడ క్లయింటు వాళ్ళతో కలిసి గోల్ఫు మొదలెట్టా. సెట్టు కూడా కొన్నా. ఇన్సూరెన్సు తీసుకుందామనుకుంటున్నా, ఒక ఎక్సెల్ షీటు పంపుతా, చూసి చెప్పవా?" అన్నాడు. మనవాళ్ళకి ఎక్సెల్ షీటు లేనిదే ఏ పనీ మొదలవదు కదా, పెళ్ళి సంబంధాలతో సహా.

షీటు తెరిచి చూశాను. నాలుగు కంపెనీలు, పదిహేను కాలమ్‌లు. కర్రలు పోతే ఎంతిస్తారు, విరిగితే ఎంతిస్తారు, బ్యాగుకెంత, ఎలక్ట్రిక్ ట్రాలీకెంత, హోల్ ఇన్ వన్ కొడితే ఎంత... అన్నిటికీ రంగులేసి మరీ పెట్టాడు. ఒక్క కాలమ్ మాత్రం హైడ్ చేసి ఉంది. తెరిస్తే థర్డ్ పార్టీ లయబిలిటీ. "ఇదెందుకు దాచావురా?" అనడిగితే, "అందరూ మిలియన్లలోనే ఇస్తున్నారన్నా, పోల్చడానికి పనికిరాదని తీసేశా" అన్నాడు.

ఈ సోదంతా ఆ దాచేసిన కాలమ్ గురించే.

ముందు నా సంగతి చెప్పాలి. గోల్ఫంటే మారాజుల ఆట అని నేనూ అనుకునేవాణ్ణి. బ్రిటన్‌లో కౌన్సిల్ వాళ్ళ కోర్సులు కూడా ఉంటాయని, డబ్బు కట్టి ఎవరైనా వెళ్ళి ఆడుకోవచ్చని అక్కడికెళ్ళాకే తెలిసింది. పాత సామాన్ల దుకాణంలో ఒక సెట్టు కొన్నాను, క్లయింటు మేనేజరు చెప్పాడని ఇన్సూరెన్సు కూడా తీసుకున్నాను. ఒక శనివారం ఆట అయ్యాక సూపర్ మార్కెట్టు దగ్గర కారాపి, బ్యాగు వెనక సీట్లో వదిలేసి పాల కోసం లోపలికెళ్ళా. వచ్చేసరికి అద్దం పగిలి ఉంది, బ్యాగు లేదు.

క్లెయిము పెడితే రాదన్నారు. కార్లో పెట్టిన సామాను తాళమేసిన డిక్కీలో, బయటికి కనపడకుండా ఉంటేనే ఇస్తారట. రెండు నెలలు ఆ కంపెనీని తిట్టుకున్నాను. తర్వాత ఒకరోజు వాళ్ళమీద ఫిర్యాదు రాద్దామని పాలసీ కాగితాలు మొదటిసారి పూర్తిగా చదివాను. ఆ మాట చాలా స్పష్టంగానే రాసి ఉంది. తప్పు నాదే. యాప్‌లలో షరతులు చదవకుండా "ఒప్పుకుంటున్నాను" నొక్కే అలవాటు ఇక్కడా చూపించానన్నమాట. అయితే ఆ కోపంలో చదవడం వల్ల ఒక మేలు జరిగింది. తర్వాతి పేజీల్లో ఏముందో కూడా చూశాను.

గోల్ఫు పాలసీ అంటే మామూలుగా ఒక నాలుగైదు పాలసీల మూట. మొదటిది సామాను. దొంగతనం, విరగడం, విమానంలో పోవడం వగైరా. ఇందులో చూసుకోవాల్సినవి రెండే: పాతదానికి కొత్తదిస్తారా లేక తరుగుదల తీసేసి ఇస్తారా, ఒక్కో వస్తువుకి పరిమితి ఎంత. రెండోది మనకే దెబ్బ తగిలితే ఇచ్చేది, పర్సనల్ యాక్సిడెంట్. మూడోది మనవల్ల వేరేవాళ్ళకి దెబ్బ తగిలితే ఇచ్చేది, లయబిలిటీ. నాలుగోది హోల్ ఇన్ వన్.

ఈ నాలుగోదాని గురించి వింటే నవ్వొస్తుంది. ఒకే దెబ్బకి బంతి గుంటలో పడితే కొట్టినవాడు క్లబ్బులో అందరికీ మందు పోయించాలని ఆనవాయితీ. ఆ బిల్లు ఇన్సూరెన్సు వాళ్ళు కడతారు. జపానులో అయితే స్నేహితులకి విందులు, కానుకలు ఇచ్చి జేబు ఖాళీ చేసుకునే ఆచారం ఉండటంతో, దీనికోసమే విడిగా పాలసీలు కొనుక్కుంటారు. మామూలు ఆటగాడికి అది పడే అవకాశం సుమారు 12 వేలల్లో ఒకటని తరచూ చెప్పే లెక్క. మావాడు ఈ కాలమ్‌కి ఆకుపచ్చ రంగేశాడు!

ఇప్పుడు నవ్వు రాని సంగతి. స్కాట్లండులో ఎడిన్‌బరోకి పడమటి వైపు నిడ్రీ కాజిల్ అని ఒక గోల్ఫు క్లబ్బుంది. 2007లో ఒకాయన స్నేహితులు పిలిస్తే అక్కడ ఆడటానికెళ్ళాడు. పెద్ద అనుభవం లేదు. ఆరో గుంట ముగించుకుని ఏడోదాని వైపు బాటలో నడుస్తున్నాడు. అదే సమయంలో పద్దెనిమిదో గుంట దగ్గర ఇంకొకాయన కొట్టిన బంతి దారి తప్పింది. "ఫోర్!" అని అరిచారు కూడా. అరుపు వినబడ్డాక తప్పుకోవడానికి ఎంత టైముంటుంది చెప్పండి. బంతి వచ్చి కంటికి తగిలింది. కన్ను పోయింది.

కేసు నడిచింది. నష్టపరిహారం దాదాపు 4 లక్షల పౌండ్లు. 2011లో వచ్చిన తీర్పులో కొట్టినాయన వాటా 70 శాతం, క్లబ్బు వాటా 30 శాతం అన్నారు. 2013లో అప్పీలు కోర్టు దాన్ని తిరగేసింది. అంత ప్రమాదమున్న బాటలో హెచ్చరిక బోర్డు కూడా పెట్టలేదు కాబట్టి క్లబ్బుకి 80, ఆటగాడికి 20 అంది. మన భాషలో చెప్పాలంటే, రూట్ కాజ్ రాస్తూ ముందు డెవలపరుని తిట్టి, తర్వాత అసలు ప్రాసెస్సే సరిగా లేదని ఒప్పుకోవడం లాంటిది. అయినా డెవలపరు పూర్తిగా బయటపడలేదు చూడండి. ఆ 20 శాతమే సుమారు 80 వేల పౌండ్లు. మన రూపాయల్లో 80 లక్షలకి పైమాటే. ఆయనేమీ తాగి ఆడలేదు, కావాలని కొట్టలేదు. బంతి పక్కకి పోయింది, అంతే. వారానికోసారి మనం కొట్టే బంతుల్లో సగం అలాంటివే.

అన్ని దేశాల్లోనూ ఇలాగే తేలుతుందని కాదు. 2002లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండులో ఇద్దరు డాక్టర్లు, పేర్లు చూస్తే మన దేశం వాళ్ళే అనిపిస్తుంది, మూడో స్నేహితుడితో కలిసి ఆడుతున్నారు. ఒకాయన తన బంతి వెతుక్కుంటూ కాస్త ముందుకెళ్ళాడు. రెండో ఆయన కొట్టింది పక్కకి జారి ఆయన కంటికి తగిలింది, ఆ కంటికి చూపు పోయింది. ముందు "ఫోర్" అని అరవలేదు కాబట్టి తప్పు నీదేనని దావా. 2010 డిసెంబరులో ఆ రాష్ట్రపు పెద్ద కోర్టు దావా చెల్లదంది. గోల్ఫులో బంతి గురి తప్పడం ఆటలో భాగం, ఆడటానికొచ్చినవాడు ఆ ప్రమాదానికి ఒప్పుకునే వచ్చినట్టు అని.

ఒకచోట కొట్టినవాడి నెత్తిన పడింది, ఇంకోచోట తగిలినవాడి నెత్తినే ఉండిపోయింది. కాబట్టి లయబిలిటీ, పర్సనల్ యాక్సిడెంట్ రెండూ కావాలి. తక్కినవన్నీ ఆ తర్వాతే.

"ఇంగ్లీషు వాళ్ళలో చాలామంది గోల్ఫు పాలసీ తీసుకోరు కదన్నా" అన్నాడు మావాడు. నిజమే. కానీ వాళ్ళ ఇంటి సామాను పాలసీల్లో చాలావాటికి లోపలెక్కడో పర్సనల్ లయబిలిటీ కూడా ఉంటుంది. కొన్ని క్లబ్బులు సభ్యత్వంతో పాటే ఇస్తాయి. అంటే వాళ్ళకి తెలియకుండానే ఒక గొడుగుంది. మన సంగతేంటి? అద్దె ఇల్లు, ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటాం, ఇంట్లో సామానంటే ఒక లాప్‌టాప్, ఒక ప్రెషర్ కుక్కర్. "ఓనరుకి ఇన్సూరెన్సుందిగా" అనుకుంటాం. అది ఆయన ఇంటికి, మన బంతికి కాదు. క్లబ్బులో సభ్యత్వమూ ఉండదు, ఏ రోజుకారోజు డబ్బు కట్టి ఆడేస్తాం. కోర్సులో అందరికంటే గొడుగు తక్కువున్నది మనకే, బంతి అందరికంటే పక్కకి కొట్టేదీ మనమే.

ఇక బగ్గీలు. మా ఫీల్డులో బగ్గీ అంటే నేను రాసిన కోడు. గోల్ఫులో అంటే ఆ చిన్న కరెంటు బండి. మనవాళ్ళకి అది ఎక్కగానే ఎగ్జిబిషన్లో ఆడుకునే కారులా కనిపిస్తుంది. తడి గడ్డి మీద వాలులో తిప్పితే పక్కకి పడుతుంది, మనిషి కాలు మీదకెక్కితే ఎముక విరుగుతుంది. కోర్సు లోపల తిరిగేదాకా సరే. రెండు గుంటల మధ్య పబ్లిక్ రోడ్డు దాటాల్సి వస్తే మాత్రం బ్రిటన్ చట్టం దృష్టిలో మోటారు వాహనం రోడ్డెక్కినట్టే, దానికి తగ్గ ఇన్సూరెన్సు కావాలి.

దీనిమీద ఐరోపాలో పెద్ద గొడవే జరిగింది. స్లొవేనియాలో ఒక పశువుల కొట్టం దగ్గర ట్రాక్టరు వెనక్కొస్తూ నిచ్చెనకి తగిలి పైనున్న మనిషి పడిపోయాడు. అది సొంత స్థలమైనా సరే, మోటారు ఇన్సూరెన్సు వర్తిస్తుందని 2014లో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. ఆ లెక్కన గోల్ఫు బగ్గీకి, గడ్డి కోసే బండికి కూడా ఇన్సూరెన్సు తప్పనిసరి అవుతుందని బ్రిటన్ కంగారుపడింది. కారున్న ప్రతివాడికీ ఏటా 50 పౌండ్ల దాకా భారం పెరుగుతుందని ప్రభుత్వం లెక్కగట్టింది. చివరికి ఐరోపా నుంచి బయటికొచ్చాక, 2022లో విడిగా చట్టం చేసి ఆ తీర్పు తమ దగ్గర చెల్లకుండా చేసుకుంది. అంటే క్లబ్బు స్థలంలో తిరిగే బగ్గీకి ఇన్సూరెన్సు ఉండి తీరాలని చట్టం అనదు. ఉందో లేదో మనమే అడగాలి. అద్దెకి తీసుకునేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో ఏముందో చదవండి. చాలా లయబిలిటీ పాలసీలు మోటారుతో నడిచేవాటిని పక్కన పెడతాయి, కొన్ని బగ్గీకి మినహాయింపిస్తాయి. మీదేదో చూసుకోవాలి.

ఇదంతా విని మావాడు అడిగిన ప్రశ్న నన్ను కాస్త ఇబ్బంది పెట్టింది. "అయినా అన్నా, రెండేళ్ళలో వెనక్కొచ్చేస్తా కదా. కేసు తేలేసరికి నేనిక్కడ ఉండను."

అబద్ధం కాదు. నిడ్రీ కాజిల్ కేసు తేలడానికి దాదాపు ఆరేళ్ళు పట్టింది. ఆన్‌సైటు మనిషికి అన్నేళ్ళలో మూడు దేశాలు మారతాయి. నాకు నచ్చనిదీ అదే. మనం విమానమెక్కేస్తాం. కన్ను పోయినవాడు మాత్రం అక్కడే, ఆ ఒంటి కన్నుతోనే ఉంటాడు. కోర్టు ఎన్ని లక్షలివ్వమన్నా ఇచ్చేవాడి దగ్గర లేకపోతే అది కాగితమే. లయబిలిటీ ఇన్సూరెన్సు మనల్ని కాపాడేదని అనుకుంటాం గానీ, నిజానికది మన బంతి తగిలినవాడి కోసం కట్టే డబ్బు. వాడెవరో మనకి తెలీదు. ఏడాదికి కొన్ని పదుల పౌండ్లు. వీకెండులో ఒక పూట బయట తిండికయ్యేది.

ఇక్కడ హైదరాబాదులో ఆడేవాళ్ళకీ ఇదే మాట. ఐటీ కంపెనీల పక్కనే కోర్సులొచ్చాయి, మనవాళ్ళు బాగానే వెళ్తున్నారు. గోల్ఫు పాలసీలు మన ప్రభుత్వ జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలూ ఇస్తాయి. బ్రిటన్‌లో మామూలు ఆటగాళ్ళు ఎవరి బ్యాగు వాళ్ళే మోసుకుంటారు. ఇక్కడ మన బ్యాగు మోసేది, బంతి ఎక్కడ పడిందో చూడటానికి ముందుకెళ్ళి నిలబడేది కాడీ. రోజుకూలీ మీద బతికేవాడు. బంతి తగిలితే అతను కోర్టుకెళ్ళడు, ఇంటికెళ్తాడు, అంతే. పాలసీ తీసుకునేటప్పుడు కాడీకి దెబ్బ తగిలితే ఇస్తారా అని ఒక్కమాట అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. క్లబ్బు వాళ్ళనీ అడగండి.

మావాడికి నేను చెప్పింది ఇంతే. ఆ కాలమ్‌ని అన్‌హైడ్ చేసి మొదట్లో పెట్టు. దాని పక్కన పర్సనల్ యాక్సిడెంట్. తర్వాత బగ్గీ. కర్రలు చివర. డబ్బు చాలకపోతే కర్రలది మానెయ్, బ్యాగు డిక్కీలో పెట్టుకో. హోల్ ఇన్ వన్ పడితే మందు ఖర్చు నేనిస్తా.

నిన్న రాత్రి కొత్త షీటు పంపాడు. కాలమ్‌లన్నీ నేను చెప్పినట్టే మార్చాడు. హోల్ ఇన్ వన్ ఎదురుగా మాత్రం నా పేరు రాశాడు.