నోటిమాట మీద నడిచే కంపెనీల్లో నష్టపోయేది మనవాళ్లే



మన గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరుతున్నారు. సంతోషమే. కానీ వేగంగా పెరిగే కంపెనీల్లో ఒక ఇబ్బంది ఉంటది. పదిమంది ఉన్నప్పుడు పని నోటిమాట మీద నడుస్తది. వందమంది అయ్యాక కూడా అట్లనే నడుపుతారు. ఏ సర్వర్‌లో ఏముందో పాత సీనియర్లకే తెలుసు. వాళ్లతో కలిసి టీ తాగేవాళ్లకు తెలుస్తది. అడగడానికి మొహమాటపడే మనవాళ్లకు తెల్వదు. తప్పు జరిగితే మాత్రం వేలు ముందు కొత్తవాళ్ల మీదికే పోతది.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు, రాత్రి పొద్దుపోయాక, రెండో సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లోనే డేటా తుడిచేశారు. సుమారు 300 జీబీలో దాదాపు అంతా పోయింది. బ్యాకప్ చూస్తే అదీ లేదు. వెర్షన్లు కలవక బ్యాకప్ ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ తర్వాతి మార్పులు మాత్రం తిరిగి రాలేదు.

కంపెనీ ఆ ఇంజనీరును బజారుకీడ్చలేదు. ఏం జరిగిందో దాచకుండా అందరికీ చెప్పి, కారణాలు రాసిపెట్టింది. చెయ్యి జారింది ఒకరిదే. బ్యాకప్ పనిచేస్తుందో లేదో చూసే పద్ధతి లేకపోవడం మాత్రం అందరి లోపం.

అందుకే మేం అనేది ఇదీ. ఎవరు రాసిన కోడ్ అయినా ఇంకొకరు చూడాలి, సీనియర్‌దైనా సరే. రిలీజ్ మెట్లు రాసి ఉండాలి. బ్యాకప్ తీస్తే సరిపోదు, అప్పుడప్పుడు వెనక్కి తెచ్చి చూడాలి. తప్పు జరిగితే "ఎవరు?" కాదు, "ఎందుకు?" అనే ప్రశ్న ముందు రావాలి.

రాతకోతలతో వేగం తగ్గుతదంటారు. ప్రతిదానికీ ముగ్గురి సంతకం అంటే నిజమే, మేం కూడా ఒప్పుకోం. కానీ మార్పులు చిన్నచిన్నగా చేస్తే చూడటానికి ఎంతసేపు?

కాగితం విలువ మనకు వేరేవాళ్లు చెప్పాలా? తాతల నుంచి దున్నిన పోడు కూడా పట్టా లేకపోతే మనది కాదన్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే గట్టిగా అడగగలిగాం.

కాబట్టి కొత్తగా చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మొదటి వారం తెలుసుకున్నదంతా రాసి టీంలో పెట్టండి. టీం లీడ్లయిన అన్నలూ, అక్కలూ, అది మీ దగ్గరే మొదలుపెట్టండి. మన వెనకాల వచ్చేవాళ్లు ఎవరినీ బతిమాలకుండా పని నేర్చుకోవాలి.