తూము కడితే చేను తడుస్తుందా?

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు నుంచి పోయే రోడ్డు పట్టుకొని తిన్నగా తూర్పుకు పోతే, ఎల్.బి. నగర్ దాటి, సూర్యాపేట దాటి, విజయవాడ దాటి, చివరకు బందరు చేరుకుంటాం. 65వ నంబరు జాతీయ రహదారి అక్కడితో సమాప్తం. ఆ పైన సముద్రం. అంత దూరాన ఉన్న సముద్రంతో మనకేమి పని, రేవుల గొడవ రేవుల వాళ్ళు చూసుకుంటారులే అనుకునేవారు మా పేటలో కొల్లలుగా ఉన్నారు. కాని ఇదే రోడ్డు మీద తిరిగే గ్యాసు ఆటోలతోను, గొట్టం కనెక్షను పెట్టించుకున్న వంటిళ్ళలో వెలిగే నీలిమంటతోను ఆ సముద్రానికి సంబంధం ఉన్నది. పైదేశపు వాయువు మన తీరాన ఏ రేవులో దిగాలి, ఎవరి ఖర్చు మీద దిగాలి అన్న వాదం పదిహేనేళ్ళుగా సాగుతున్నది. అందులో మన వాటా కూడా ఉన్నదని చెప్పడానికే ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను.

ముందుగా పేర్ల తికమక తీర్చుకుందాం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గ్యాసు సంగతులెందుకని కొందరు నవ్వవచ్చు. మాటకు అర్థం తెలుసుకోకుండా వాదంలోకి దిగకూడదన్నది మా వృత్తి నేర్పిన మొదటి పాఠం మరి! మనం ఇంటికి తెప్పించుకునే బండలో ఉన్నది ఎల్.పి.జి. అది ప్రొపేను, బ్యూటేను అనే వాయువుల మిశ్రమం. కాస్త ఒత్తిడి పెడితే చాలు, ద్రవమై కూర్చుంటుంది. సహజవాయువు వేరు. అది ముఖ్యంగా మీథేను. దాన్ని బాగా అదిమి ఆటో సిలిండరులో నింపితే సి.ఎన్.జి.; గొట్టంలో ఇంటికి పంపితే పి.ఎన్.జి. సముద్రాలు దాటించాలంటే మాత్రం దాన్ని సున్నాకు దిగువన 162 డిగ్రీల దాకా చల్లార్చాలి. అప్పుడు 600 ఘనపు మీటర్ల వాయువు ఒక్క ఘనపు మీటరు ద్రవంగా ముడుచుకుపోతుంది. అదే ఎల్.ఎన్.జి. ఓడలో వచ్చిన ఆ ద్రవాన్ని రేవులో దింపి, చలువ తొట్లలో నిలవచేసి, మళ్ళీ వెచ్చబరచి, వాయువుగా మార్చి గొట్టంలోకి వదిలే కట్టడాన్నే టెర్మినల్ అంటున్నారు. మన రైతు భాషలో చెప్పాలంటే అది తూము. చెరువు ఖతారులోనో, అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నది. చేను మన దగ్గర ఉన్నది.

మన దేశం వాడే సహజవాయువులో దాదాపు సగం ఇట్లా ఓడల మీద వస్తున్నదే. 2025 నాటికి దేశంలో ఎనిమిది టెర్మినళ్ళు ఉన్నాయి. వాటిలో ఆరు పడమటి తీరాన్నే. తూర్పు తీరాన రెండే రెండు: 2019లో తమిళనాడులోని ఎన్నూరు, 2023లో ఒడిశాలోని ధామ్రా. ఆ రెండింటి నడుమ దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరం ఉన్నది. దాని మీద ఒక్కటీ లేదు.

లేకపోవడం ప్రయత్నం లేక కాదు. కాకినాడలో ఓడనే టెర్మినల్‌గా మార్చి నిలిపే ఏర్పాటు చేస్తామని ప్రభుత్వ సంస్థలు విదేశీ కంపెనీలతో ఒప్పందాలు రాసుకున్నాయి. విశాఖ పక్కన గంగవరంలో ఏటా 50 లక్షల టన్నుల టెర్మినల్ కడతామని పెట్రోనెట్ సంస్థ ముందుకు వచ్చింది. తరువాత దాని చూపు ఒడిశాలోని గోపాలపురం మీదికి మళ్ళింది. పత్రికలలో బొమ్మలు పడ్డాయి, దండలు పడ్డాయి, సంతకాలు పడ్డాయి. ఓడ మాత్రం రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

ఈ ఉబలాటానికి వెనక ఒక పెద్ద ఆశాభంగం ఉన్నది. 2002లో కృష్ణా గోదావరి తీరానికి ఆవల లోతు సముద్రంలో రిలయన్సు వారికి వాయువు దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలయింది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. 2010లో 6 కోట్లు దాటింది. అంతే, అక్కడి నుంచి దిగుముఖం. 2013 చివరకు కోటిన్నరకు లోపు పడిపోయింది. ఆ వాయువును నమ్ముకొని మన జిల్లాలలో కట్టిన విద్యుత్ కేంద్రాలు పొయ్యి వెలిగించకుండానే చల్లబడ్డాయి. 2012లో, ఉన్న కాస్త వాయువును మహారాష్ట్రలోని రత్నగిరి కేంద్రానికి మళ్ళిస్తారన్న కబురు రాగానే ఉమ్మడి రాష్ట్రంలో పార్టీల భేదం లేకుండా అందరూ లేచారు. మా పేటలో గంటల తరబడి కరెంటు పోతున్న రోజులవి. మా పెరటి బావిలో నీళ్ళు పొరుగూరికి తోడుకుపోతారా అన్న బాధ అందరిదీ. అప్పుడే “సొంత వాయువు చాలకపోతే పైదేశపు వాయువైనా మన రేవున దించుకుందాం” అన్న మాటకు బలం వచ్చింది.

ఈ వాదం మా వీధిలో కూడా ఉన్నది. ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఒకరు సాయంకాలం అరుగు మీద కూర్చొని ఇట్లా అంటారు:

“మాస్టారూ, బొగ్గు మండిస్తే వచ్చే పొగలో సగం కూడా గ్యాసుతో రాదు. దేశం మొత్తం వాడే ఇంధనంలో గ్యాసు వాటాను 2030 నాటికి నూటికి 15కు పెంచుతామని ఢిల్లీ వారే అంటున్నారు. ఇప్పుడున్నది నూటికి 6, 7. రేవు లేకుండా ఎట్లా పెరుగుతుంది? అటు తమిళులు కట్టుకున్నారు, ఇటు ఒడియా వారు కట్టుకున్నారు. మనం చూస్తూ కూర్చున్నాం.”

ఎదురింట్లో బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఈ మాటలు వింటూ ఊరుకోదు.

“బాబాయి గారూ, రేవు కట్టినవాడు దానానికి కట్టడు గదా! ఓడ వచ్చినా రాకపోయినా మాకు ఇంత ముట్టాలని కాగితం రాయించుకుంటాడు. ఆ సొమ్ము తిరిగి తిరిగి మా కరెంటు బిల్లులోకే వస్తుంది. పైగా మండకముందే గాలిలోకి జారిపోయే మీథేను బొగ్గుపొగ కంటె ఎన్నో రెట్లు వేడెక్కిస్తుందంటున్నారు. ఆ లెక్క మీరు చెప్పరేం?”

ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. అందుచేత తీర్పు చెప్పే ముందు, ఇప్పటికే కట్టినవి ఎట్లా నడుస్తున్నాయో చూడడం మంచిది.

గుజరాత్‌లోని దహేజ్ టెర్మినల్ 2004లో ఖతారు వాయువుతో మొదలయింది. నేటికీ దేశంలో అన్నిటికంటె పెద్దది అదే, నిండుగా పనిచేసేదీ అదే. కారణం రేవు గొప్పతనం కాదు. హజీరా నుంచి ఉత్తర ప్రదేశ్ దాకా పెద్ద గొట్టం 1980ల దశకంలోనే వేసి ఉన్నది. దాని పొడుగునా ఎరువుల కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాలు నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. అంటే అక్కడ కాలువ ముందు తవ్వారు, తూము తరువాత కట్టారు.

ఇక కొచ్చి సంగతి. 2013లో నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా పోసి ఏటా 50 లక్షల టన్నుల టెర్మినల్ సిద్ధం చేశారు. గొట్టం మాత్రం లేదు. భూములిచ్చే ఊళ్ళు అభ్యంతరం చెప్పాయి, పనులు ఆగాయి. కొచ్చి నుంచి మంగుళూరుకు 450 కిలోమీటర్ల గొట్టం 2021 జనవరిలో గాని ప్రారంభం కాలేదు. ఆ ఏడేళ్ళూ టెర్మినల్‌కు ఉన్న శక్తిలో పదోవంతు కూడా వాడలేని ఏళ్ళే ఎక్కువ. గొట్టం వచ్చిన తరువాత కూడా అది నిండలేదు. మహారాష్ట్రలోని దాభోల్‌కు మరొక అవస్థ: అలలను ఆపే అడ్డుకట్ట పూర్తికాక ఏళ్ళ తరబడి వానాకాలంలో ఓడలే రాలేదు.

మన గోదావరి జిల్లాల వారికి ఈ సూక్ష్మం కొత్తగా చెప్పాలా? కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాడు. జనం ఆయనను దేవుడిలా తలుచుకునేది నదికి అడ్డంగా పేర్చిన రాళ్ళను చూసి కాదు. తమ చేలగట్ల దాకా వచ్చిన కాలువలను చూసి.

మన వైపు కాలువల సంగతి విచిత్రంగా ఉన్నది. కాకినాడ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం ఉన్నది. గోదావరి తీరపు మల్లవరం నుంచి భోపాల్ మీదుగా రాజస్థాన్‌లోని భిల్వాడా దాకా మరొకటి వేస్తామన్నారు. అందులో మొదటి ముక్క, రామగుండం దాకా 365 కిలోమీటర్లు, 2019లో పూర్తయింది. ఆ గొట్టం మీదే రామగుండం ఎరువుల కర్మాగారం 2021లో మళ్ళీ ప్రాణం పోసుకొని యూరియా తీస్తున్నది. ఎరువుల కర్మాగారాలకు వాయువు ధర కట్టేటప్పుడు స్వదేశీ వాయువును, దిగుమతి వాయువును కలిపి సగటు తీస్తారు. కనుక నల్లగొండ రైతు చేలో చల్లే యూరియా బస్తాలో కూడా సముద్రం దాటి వచ్చిన వాయువు లెక్క ఉన్నది. తెలంగాణకు సముద్రం లేదు గనుక ఈ వాదంతో పని లేదనడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

గొట్టం తరువాత ప్రశ్న ధర. ఆసియాలో ఒప్పందం లేకుండా అప్పటికప్పుడు కొనే ఎల్.ఎన్.జి., పది లక్షల బి.టి.యు. కొలతకు 2020 మే ప్రాంతంలో 2 డాలర్ల దరిదాపున ఉండేది. రష్యా ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022లో, ఆగస్టు నాటికి, అదే సరుకు 70 డాలర్ల దరిదాపుకు ఎక్కింది. జర్మనీ వారు డబ్బున్నవారు గనుక ఏడాది తిరగకముందే విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో తేలే టెర్మినల్ తెచ్చి 2022 డిసెంబరులో ప్రారంభించుకున్నారు. పాకిస్తాన్ వారికి టెర్మినళ్ళు ఉన్నాయి; ఆ జులైలో సరుకు కావాలని టెండరు పిలిస్తే పలికిన నాథుడు లేడు. బంగ్లాదేశ్ వారు ధర భరించలేక బజారు కొనుగోళ్ళే ఆపేశారు. రెండు దేశాలలోనూ ఇళ్ళలో దీపాలు ఆరాయి. తూము ఉన్నది, కాలువ ఉన్నది, నీళ్ళు కొనే స్తోమత లేదు.

మన దేశం కొంత జాగ్రత్త పడింది. ఖతారుతో 1999లో రాసుకున్న ఏటా 75 లక్షల టన్నుల ఒప్పందం ధరను 2015 చివరలో బేరమాడి తగ్గించుకున్నది. 2028 నుంచి మరి 20 ఏళ్ళకు 2024 ఫిబ్రవరిలో పొడిగించుకున్నది. కాని అంత పెద్ద బేరం ఢిల్లీ సంస్థలు చేయగలవు గాని, ఒక రాష్ట్రపు రేవు ఒంటరిగా చేయలేదు. 2015లో కేంద్రం ఖాళీగా ఉన్న విద్యుత్ కేంద్రాలకు దిగుమతి వాయువు ఇప్పించి, ధరలో కొంత తాను భరించింది. 2017లో ఆ పథకం ముగిసింది. దానితో పొయ్యిలు మళ్ళీ ఆరాయి. పరాయి వాయువుతో తీసిన కరెంటు కొనగలవారు మనలో ఎంతమంది అన్నదానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

నగరాల సంగతి కూడా అంతే. 2024 అక్టోబరు, నవంబరు నెలలలో ఆటోలకు, కార్లకు ఇచ్చే చౌక దేశీయ వాయువు కోటాను కేంద్రం కోసింది. నగర సంస్థలు ఆ లోటును ఖరీదు వాయువుతో పూడ్చుకోవలసి వచ్చింది. 2025 జనవరిలో కొంత తిరిగి ఇచ్చారు. చైతన్యపురి దగ్గర ఆటో నడిపే కుర్రవాడిని ఈ విషయమే అడిగాను.

“సారూ, ఓడ ఏ రేవుకొస్తె నాకేంది? బంకుల గ్యాసు ఉండాలె, కిరాయి గిట్టాలె. గంటసేపు లైన్ల నిలబడితే ఆ గంట కిరాయి ఎవరిస్తరు?” అన్నాడు.

అర్థశాస్త్ర పుస్తకాలలో ఇంత సూటిగా రాసినవారిని నేను చూడలేదు.

చివరగా, ఎవరూ సభలలో ఎత్తని మాట ఒకటి. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో, అంటే మన నగరం కాదు, కోనసీమలోని నగరం గ్రామంలో, గొట్టం పగిలి 20 మందికి పైగా నిద్రలోనుంచి లేచీ లేవకముందే కాలిపోయారు. ఆ గొట్టం తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి వాయువు మోసేది. కరెంటు మనది, కాలిన ఇల్లు వారిది. రేపు టెర్మినల్ వచ్చి ఖతారు వాయువు దిగినా, అది పోయేది ఆ చేల కింద నుంచే. మత్స్యకారుల వేట నీళ్ళలోనే ఓడ నిలుస్తుంది. ఆ ద్రవాన్ని వెచ్చబరచి చల్లబడ్డ సముద్రపు నీరు తిరిగి ఆ నీళ్ళలోకే పోవచ్చు. వారిని అడగకుండా మనం ఇక్కడ అరుగుల మీద కూర్చొని రేవు కావాలనో వద్దనో తీర్మానించడం న్యాయం కాదు.

నేను టెర్మినల్‌కు విరోధిని కాను. ఇంజనీరు గారు చెప్పినట్టు అవసరం ఉండవచ్చు. కాని ఎన్నికలు వచ్చినప్పుడల్లా రేవు బొమ్మ చూపించేవారిని, వారు ఏ పార్టీ వారైనా సరే, మనం నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ వాయువు కొంటామని సంతకం పెట్టినవారెవరు? గొట్టం ఏ ఊళ్ళ మీదుగా, ఎన్నాళ్ళకు? ధర మూడింతలయిన నాడు ఆ భారం ఎవరిది? గొట్టం మీద బతికే ఊళ్ళకు కాపలా ఏమిటి? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబున్నవాడు కడితే సంతోషమే. జవాబు లేనివాడు శంకుస్థాపన రాయి పట్టుకొని వస్తే, నాయనా, ఆ రాయి కాకినాడలో వెయ్యకు, ఇక్కడ సరూర్‌నగర్ చెరువు గట్టున వెయ్యి, సాయంకాలం కూర్చోవడానికయినా పనికొస్తుంది అని చెప్పి పంపించడం మేలు.