మోకాలికి మూలకణాలు: ముందు పరిశోధన, తర్వాతే వైద్యం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో యాభై ఏళ్లు దాటినవాళ్లు మోకాలు పట్టుకుని లేవడం ఇంటింటా కనిపించేదే. నాట్లేసి, కలుపు తీసి, మిరపకాయలేరి అరిగిన కాళ్లవి. తాటిచెట్లెక్కి దిగిన గీత కార్మికుల కాళ్లవి. కాకతీయ ఖని భూగర్భ గనుల్లో వంగి పనిచేసిన సింగరేణి కార్మికుల కాళ్లవి. పెంబర్తిలో ఇత్తడి రేకును లక్క మీద అదిమి, ఒక కాలు మడిచి నేల మీదే కూర్చుని, పొద్దంతా ఉలి, సుత్తితో నగిషీ తీసే పనివాడు సాయంత్రం లేవడానికి గోడ సాయం తీసుకుంటాడు. వీళ్లందరూ ఆస్పత్రిలో వినేది ఒకే మాట: గుజ్జు అరిగిపోయింది. ఆ గుజ్జును మూలకణాల సూదితో మళ్లీ పెంచుతామని ఇప్పుడు ప్రకటనలు ఊరిస్తున్నాయి. ఈ విజ్ఞానం మన జిల్లాలకు తప్పకుండా రావాలి. అయితే వ్యాపారంగా కాదు, ముందు పరిశోధనగా రావాలి.

దేశంలో ఈ కీళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థరైటిస్, బాధితులు 1990లో సుమారు 2.3 కోట్లు, 2019 నాటికి 6.2 కోట్లు దాటారని అంచనా. వయసు, బరువులతో పాటు చేసే పని కూడా మోకాలిని అరగదీస్తుంది. బ్రిటన్‌లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే వైద్యులు 1952లోనే బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు పరిశీలించి, ఆఫీసు ఉద్యోగుల కంటే వాళ్ల మోకాళ్లలో అరుగుదల ఎక్కువని చూపారు. వాళ్లు 1957లో ప్రకటించిన 0 నుంచి 4 వరకు పెరిగే అరుగుదల గ్రేడ్లనే మన ఆర్థోపెడిక్ డాక్టర్లు నేటికీ వాడుతున్నారు. 2009లో బ్రిటన్ గని కార్మికుల మోకాలి అరుగుదలను వృత్తి వ్యాధిగా గుర్తించింది.

గుజ్జు, అంటే మృదులాస్థి, తనంతట తాను ఎందుకు కోలుకోదు? అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. పోషణంతా కీలులోని ద్రవం నుంచి ఊరి రావాల్సిందే. కణాల వాటా చాలా స్వల్పం. మిగతాదంతా నీరు, కొల్లాజెన్, ప్రొటియోగ్లైకాన్లు. చర్మం తెగితే రక్తంతో పాటు మరమ్మతు కణాలు అక్కడికి చేరతాయి. మృదులాస్థి చిరిగితే అలా చేరే దారి లేదు. నరాలు లేవు కాబట్టి తొలిదశలో నొప్పీ తెలియదు. నొప్పి మొదలయ్యేసరికి ఎముక, కీలు పొర, చుట్టూ ఉన్న కండరాలు కూడా దెబ్బతిని ఉంటాయి.

స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ వైద్యులు 1994లో ఒక దారి చూపారు. రోగి మృదులాస్థి నుంచే కొన్ని కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, గాయమైన చోట అమర్చారు. ఆటల్లోనో ప్రమాదంలోనో దెబ్బ తగిలి, ఒకచోట మాత్రమే గుంత పడిన మోకాళ్లకు ఇది పనికొచ్చింది. ఈ తరహా చికిత్సకు మన దేశంలో కూడా 2017లో అనుమతి లభించింది. అయితే కీలంతా అరిగిపోయిన అరవై ఏళ్ల రైతుకూలీ సంగతి వేరు.

అక్కడే మూలకణాల మీద ఆశ పుట్టింది. ఎముక మజ్జ, కొవ్వు, బొడ్డుతాడు నుంచి తీసిన మూలకణాలను ల్యాబ్‌లో మృదులాస్థిగా మార్చవచ్చు. చిక్కేమిటంటే, అలా మారినవి అక్కడితో ఆగకుండా ఉబ్బి, ఎముకగా గట్టిపడే దారి పడుతున్నాయి. అందుకే పరిశోధకుల దృష్టి మృదులాస్థిలోనే దాగి ఉన్న జనక కణాల మీద పడింది. 2004లో పశువుల కీళ్ల పైపొరలోనూ, 2009లో బాగా అరిగిన మనుషుల మోకాళ్లలోనూ ఇలాంటి కణాలున్నట్టు తేలింది. మోకాలి మార్పిడి శస్త్రచికిత్సలో తీసి పారేసే ముక్కల నుంచే వీటిని వేరుచేయవచ్చు. తమిళనాడులోని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ శాస్త్రవేత్తలు ఏళ్లుగా ఈ పని చేస్తున్నారు. శిథిలమైన కీలులోనూ మరమ్మతు చేయగల కణాలు మిగిలి ఉండటం ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే విషయం.

మరి ఇంజక్షన్ల ఫలితాల మాటేమిటి? బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ సంస్థ ఆరోగ్యవంతుల ఎముక మజ్జ నుంచి తయారుచేసిన మూలకణాల మందుకు 2022లో మోకాలి అరుగుదల విషయంలో అనుమతి వచ్చింది. మూడో దశ ట్రయల్‌లో 146 మంది పాల్గొన్నారు. మూలకణాలు తీసుకున్నవారికి ఏడాది తర్వాత నొప్పి, బిగుతు తగ్గాయని ఫలితాలు చెప్పాయి. ఆ ట్రయల్‌లో చేర్చుకున్నది 2, 3 గ్రేడ్ల రోగులనే. మరోవైపు అమెరికాలో 475 మందితో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రోగి సొంత ఎముక మజ్జ, కొవ్వు నుంచి తీసిన కణాలను, బొడ్డుతాడు కణాలను మామూలు స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత వాటిలో ఏదీ స్టెరాయిడ్‌ను మించలేదు. పలు ట్రయల్స్‌ను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష కూడా 2025లో నొప్పి కాస్త తగ్గవచ్చని, అందుకూ గట్టి రుజువు లేదని తేల్చింది. వీటన్నిటి సారం ఒకటే: కొందరికి ఉపశమనం దొరకవచ్చు, అరిగిన గుజ్జు తిరిగి మొలుస్తుందన్న హామీని మాత్రం ఈ రోజు ఎవరూ ఇవ్వలేరు.

మూలకణాలతో నిజమైన విజయం ఎలా వస్తుందో మన హైదరాబాదే చూపింది. ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ రసాయనాలు పడి దెబ్బతిన్న కళ్లకు 2001 నుంచి నల్లగుడ్డు అంచున ఉండే లింబల్ మూలకణాలను మార్పిడి చేస్తోంది. 2012లో ల్యాబ్‌లో పెంచే అవసరమే లేని సులువైన పద్ధతిని అక్కడి వైద్యులు ప్రచురించారు. ఏ కణాలు పోయాయో తెలుసు, వాటి చోటు తెలుసు, ఫలితాలను ఏళ్ల తరబడి లెక్కగట్టి లోకం ముందు పెట్టారు. అడుగడుగునా శరీర బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి మోసే మోకాలు అంతకన్నా క్లిష్టమైనది. కాబట్టి అంతకన్నా ఎక్కువ ఓపిక, ఎక్కువ నిజాయితీ కావాలి.

మూడు జిల్లాలకూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో మొదలయ్యాయి. వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ, ఎంజీఎం ఆస్పత్రి ఉన్నాయి. ఇవి కలిసి తక్షణం చేయదగిన పనులు మూడు. మొదటిది, మోకాళ్ల రిజిస్టర్: వచ్చిన ప్రతి రోగి వయసు, పని, ఎక్స్‌రే గ్రేడ్ నమోదు చేయాలి. రెండోది, మోకాలి మార్పిడిలో తీసేసే మృదులాస్థిని రోగి అనుమతితో సేకరించి హైదరాబాద్ ల్యాబ్‌లకు అందించాలి. మూడోది, ఇకపై జరిగే ట్రయల్స్‌లో పొలం పనివాళ్లకూ గని కార్మికులకూ చోటు ఉండాలి. ట్రయల్స్‌లో ఎక్కువగా వాడే వోమాక్ ప్రశ్నావళి కెనడాలో తయారైంది. కారు ఎక్కి దిగగలరా అని అడుగుతుంది. పొలం గట్టు దాటగలరా, గొంతుక్కూర్చుని కలుపు తీయగలరా అని కూడా అడిగితేనే ఇక్కడి మనిషికి మేలు జరిగిందో లేదో తెలుస్తుంది.

పేదల మీద ప్రయోగాలంటే ఈ ప్రాంతానికి చేదు జ్ఞాపకం ఉంది. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. 2010లో అది ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. అందుకే అనుమతి పత్రం తెలుగులో ఉండాలి; తండాల్లో లంబాడీలో, గూడేల్లో కోయలో వివరించాలి. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త వ్యాధులకు చేసే మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప మిగతా మూలకణ ప్రయోగాలన్నీ ట్రయల్‌గానే జరగాలి. ట్రయల్‌లో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నష్టం జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. ఈ హక్కులు పీహెచ్‌సీ గోడ మీద రాసి ఉండాలి.

పరిశోధన ఏదో ఒకటి తేల్చేదాకా రోగి చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు తగ్గడం, ఫిజియోథెరపీ మేలు చేస్తాయని గట్టి రుజువులున్నాయి. నాలుగో గ్రేడ్‌కు చేరిన మోకాలికి మార్పిడి శస్త్రచికిత్స ఉంది; ఇంప్లాంట్ల ధరలకు కేంద్రం 2017లోనే కళ్లెం వేసింది. ప్రతి మండలానికీ ఒక ఫిజియోథెరపిస్టును ఇవ్వడం ప్రభుత్వానికి భారం కాదు.

పాఠకులకు ఒక మనవి. మూలకణాల సూది కోసం పొలం తాకట్టు పెట్టే ముందు ఐదు ప్రశ్నలడగండి: ఈ మందుకు అనుమతి ఉందా, నా గ్రేడ్‌కు పనిచేస్తుందని రుజువుందా, ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబరేది, డబ్బెందుకు అడుగుతున్నారు, వికటిస్తే బాధ్యత ఎవరిది? సూటిగా జవాబు రాని చోట సూది వేయించుకోకండి.