వడ్రంగి పెట్టెలోని భౌతికశాస్త్రం

శ్రీవిజయపురం, అంటే నిన్నమొన్నటి పోర్ట్‌బ్లెయిర్. ఆ ఊరి శివార్లలోని బతు బస్తీ లాంటి చోట వానాకాలం వస్తే తలుపులు బిగుసుకుంటాయి. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన మరి. తేమ పీల్చిన చెక్క పోగులకు అడ్డంగా ఉబ్బుతుంది, పోగుల వెంట దాదాపు పెరగదు. కాబట్టి తలుపుకు పొడవుతో పేచీ లేదు, వెడల్పుతోనే. తెలివైన వడ్రంగి చిత్రికతో అంచును కొద్దిగానే తీస్తాడు. ఎండలు వచ్చాక చెక్క మళ్లీ కుంచించుకుంటుందని అతనికి తెలుసు.

ఆ తలుపు అండమాన్ పడాక్‌ది అయితే పని ఇంకా కష్టం. రక్తచందనానికీ వేగిసకూ ఇది దాయాది, మూడూ టెరోకార్పస్ ప్రజాతివే. పడాక్‌లో పోగులు ఒక పొరలో ఒకవైపుకు, పక్క పొరలో మరోవైపుకు వాలి ఉంటాయి. చిత్రికను ఎటునుంచి తోసినా ఎక్కడో ఒకచోట పోగు ఎదురుతిరిగి పెచ్చు లేస్తుంది. మామూలు చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. దాన్ని ఇంకాస్త నిటారుగా నిలిపితే పెచ్చు తగ్గుతుంది, కానీ తోసే చేతికి శ్రమ పెరుగుతుంది.

పెట్టెలో మిగతావీ ఇలాంటి బేరాలే. ఉలి అంచు ఎంత పలచనైతే అంత తేలిగ్గా దిగుతుంది, గట్టి చెక్కలో అంత త్వరగా విరుగుతుంది. నిలువుకోత రంపపు పళ్లు వరసగా పేర్చిన చిన్న ఉలుల్లా, అడ్డకోత రంపపు పళ్లు పోగులను తెంచే చాకుల్లా ఉంటాయి. పళ్లను ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ వంచకపోతే రంపం తన కోతలో తానే ఇరుక్కుంటుంది. బాడిసకు పిడి పొడవు, తల బరువు కలిసి వేగాన్ని సన్నని అంచు మీదకు చేరుస్తాయి. నేను ఎమ్మెస్సీలో బలాలను బాణం గుర్తులుగా గీశాను గానీ ఒక్కసారీ ఉలి పట్టలేదు.

ఇదే ఊళ్లో 1883లో మొదలైన చాథమ్ రంపపు మిల్లు ఉంది, పక్కనే అటవీ మ్యూజియం. పనిముట్లను అద్దాల వెనక పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. అయితే చిత్రికను ఎప్పుడు నిటారుగా నిలపాలో అద్దం వెనక ఉన్న చిత్రిక చెప్పదు. బడుల టింకరింగ్ ల్యాబుల్లో త్రీడీ ప్రింటర్ పక్కన ఉలి, రంపం, చిత్రిక, ఒక పడాక్ ముక్క పెట్టాలి. నెలకు రెండు రోజులు స్థానిక వడ్రంగిని గౌరవవేతనం ఇచ్చి పిలవాలి, పిల్లలకు ముందు పదును పెట్టడం నేర్పించాలి. మొద్దుబారిన ఉలే ఎక్కువ ప్రమాదం: బలంగా నెట్టాల్సి వస్తుంది, జారుతుంది.